గుట్టకు కలుపు తీసిన ఏడాది

చెప్పులో దిగిన ముల్లు తీసుకోవడానికి వంగాను. తలెత్తేసరికి గుట్ట దారి మీద పిల్లలు లేరు. నవ్వులు మాత్రం వినిపిస్తున్నాయి. అప్పటికీ భయం వేయలేదు. ముల్లు పారేసి పక్కకు చూశాను. నా పాదానికి జానెడు దూరంలో నల్లటి పెంటకుప్ప, ఇంకా తడి ఆరలేదు, దాని నిండా నున్నటి తునికి గింజలు. పశువులు తునికి పండ్లు అట్లా మింగవు. మా ఊళ్లో పుట్టినవాళ్లకు అది ఏ జంతువుదో ఒకరు చెప్పనక్కర్లేదు. అప్పుడు వేసింది భయం.

"పాపా!" అని అరిచాను.

"ఈడే ఉన్నాం అమ్మా!"

"ఈడే అంటే యాడ?"

"ఈడే!"

గొంతు నా కుడివైపు నుంచి వచ్చినట్టుంది. అటు చూస్తే కలివి పొద, దాని వెనక బలుసు, దాని మీద ఏదో తీగ, వాటన్నిటి మధ్య నుంచి పైకి లేచిన చెట్లు. ఎలుగుబంటి అందులోనే ఎక్కడో పడుకుని ఉండొచ్చు, నా పిల్లలూ అందులోనే ఉన్నారు, నాకు కనిపించేది ఆకులు మాత్రమే. రెండో క్లాసు చదివే కూతురు, ఇంకా బడికి వెళ్లని కొడుకు. పేర్లు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. చివరికి పొద అడుగు నుంచి ఊదారంగు అంటిన చిన్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఊగింది.

వంగి చూస్తే లోపల చిన్న గదిలా ఉంది. కొమ్మలు పైన గొడుగు పట్టాయి, కింద ఎండుటాకుల పరుపు. ఇద్దరూ కూర్చుని కలివి పండ్లు తింటున్నారు. మూతులన్నీ ఊదాగా, పెదాలకు పాలు అంటుకుని. పాపను వీపు మీద ఒకటి వేశాను. బాబును ఎత్తుకున్నాను. ముళ్లకు నా చీర కొంగు చిరిగింది. కిందికి వచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

నాయన వాకిట్లో తాడు పేనుకుంటున్నాడు. నా ముఖం చూసి లేచి నిలబడ్డాడు. జరిగింది చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా.

"ఆ కంపంతా కొట్టించెయ్యి నాయనా. ఊట కాడికి పోయే దారికి రెండు పక్కలా నున్నగా చేయించు. అట్ల కాకుంటే ఈ ఎండాకాలమే కాదు, ఇంక ఏ సెలవులకూ పిల్లల్ని ఇక్కడికి తీసుకురాను."

నాయన గుట్ట వైపు చూశాడు. "యాడ ఉన్నారు పిల్లలు?"

"పెద్దమ్మ మునుములో."

"సరే. పొద్దున్నే పోయి కొడతాలే. పిల్లల కంటే ఎక్కువ కాదు గదా," అని పేనుతున్న తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు.

ఆ సరే విన్నాక నాకు ధైర్యం రావాలి. రాలేదు. మేముండే మార్కాపురం తిరిగి వచ్చి, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఆ రోజు ఎందుకు రాలేదో చెప్పాలంటే పెద్దమ్మ మునుము కథ చెప్పాలి. అది చెప్పాలంటే ఆ గుట్ట బోడిగా ఉన్న రోజుల్లోకి పోవాలి.

మా ఊరు గిద్దలూరు దాటి, రైలుకట్ట దాటి, నల్లమల అంచున ఉంటుంది. మా పేట చివరి ఇంటి వెనక నుంచే గుట్ట మొదలవుతుంది. నేను నడక నేర్చే రోజుల్లో దాని మీద కూపు పడింది. కూపు అంటే వేలంలో పాడుకున్న అడవి ముక్క. పాడుకున్న కాంట్రాక్టరు సున్నం గుర్తు పెట్టిన విత్తనం చెట్లను వదిలి మిగతావన్నీ కొట్టించుకుంటాడు. కొట్టింది ఎవరో కాదు, మా పేట మగవాళ్లే. మా నాయన అందులో పేరున్న గొడ్డలి.

ఆ పని నాకు చూపుగా గుర్తులేదు, వాసనగా గుర్తుంది. సాయంత్రం నాయన వస్తే పచ్చి కట్టె వాసన, చెమట, బీడీ కలిసి గుడిసె నిండా ఉండేది. ఏపి చెట్టును కొడితే ఎర్రటి జిగురు కారుతుంది. అది ఆయన గోళ్లలో ఎండిపోయి ఉంటే నెత్తురనుకుని నేను ఏడ్చేదాన్నట. ఆయన మధ్యాహ్నం తినగా మిగిలిన జొన్నరొట్టె ముక్క, చింతకాయ తొక్కు, సగం కొరికిన ఎర్రగడ్డ మూటలో తెచ్చేవాడు. ఆ రొట్టెకు కూడా అడవి వాసనే. ఇంట్లో వేడి రొట్టె ఉన్నా నాకు ఆ ఎండిన ముక్కే కావాలి.

లారీలు పోయాక గుట్ట మిగిలింది, మోడులతో. గుర్తు పెట్టిన చెట్లు కూడా కొన్ని గాలివానకు పడ్డాయి, కొన్ని వేరే రకంగా పడ్డాయి. మొదటి వానకే మోడుల చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వచ్చాయని, ఆ పచ్చదనం చూసి ఊరంతా సంతోషపడిందని అమ్మ చెప్పేది. మేకలు కూడా సంతోషపడ్డాయి. మరుసటి ఎండాకాలానికి గడ్డి ఎండి, ఎవరో పారేసిన బీడీకి అంటుకుని, మిగిలిన చిగుళ్లు మాడాయి. ఇట్లా ఏటా. వచ్చేది, తినేవి, మాడేది.

గుట్ట కింద ఒక ఊట ఉండేది. మా పేట ఆడవాళ్లు అక్కడే చెలమ తోడి బిందెలు ముంచుకునేవాళ్లు. కూపు తరవాత వాన పడితే ఎర్రనీళ్లు ఒక్క ఊపులో పేటలోకి దిగేవి. ఎండాకాలానికి చెలమలో తడిమట్టి కూడా ఉండేది కాదు. రైతుల మోటార్ల దగ్గరికి బిందెలు పట్టుకుని పోవాలి. వాళ్లూ మంచివాళ్లే, కానీ కరెంటు ఉన్నప్పుడే గదా మంచితనం. నీళ్ల దగ్గర పొద్దంతా నిలబడి వచ్చిన రోజు మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, బిందె దించి నాయనను అందుకునేది.

"గొడ్డలి కాంట్రాక్టరుది అనుకో. చెయ్యి నీదే గదరా."

"నేను కొట్టకపోతే ఇంకొకడు కొడతాడు. నీకు బువ్వ యాడి నుంచి వస్తది?"

"బువ్వ సరే. ఇప్పుడు దాన్ని మింగను నీళ్లు యాడి నుంచి తెస్తావు?"

అమ్మ మధ్యలో రొట్టెలు తట్టే చప్పుడు పెంచేది.

ఆ బోడిగుట్ట మాకు, పిల్లలకు, పెద్ద కష్టం తెచ్చింది. దాక్కునే చోటు లేదు. జేజి అరుగు మీద కూర్చుని కందిబేడలు చెరుగుతూనే గుట్ట మీద ఏ మేక ఎవరిదో చెప్పేది. మేము రేక్కాయలకని పైకి పోతే మా మీద కూడా ఆ కళ్లే. ఎవరు ఎవర్ని నెట్టారు, ఎవరు ఎవరి బలపం తిన్నారు, అన్నీ కనిపించేవి. మార్కాపురం నుంచి పలకలు ఊరూరికీ పోయే కాలం. మా బడి సంచుల్లో పలక ముక్కలు, బలపాలు. బలపం తినడం మా అందరికీ రుచి.

"మేయ్, బలపం ఉమ్మెయ్యి! కనపడ్తానే ఉండావు!" అని కింద నుంచి కేక వచ్చేది.

గుట్టంత దూరం నుంచి నోట్లో బలపం ఎలా కనిపిస్తుందని అప్పుడు ఆలోచించలేదు. భయపడి ఉమ్మేసేదాన్ని.

ఏటేటా ఎండాకాలం ఊట రాకపోయేసరికి ఊళ్లో మాట మొదలైంది. రైతుల ఇళ్ల పెద్దాయన ఒకరు, మా చర్చి అయ్యగారు, మేకలున్న ఇళ్లవాళ్లు కూర్చుని, గుట్ట మీదికి మేకల్ని తోలకూడదని, నిప్పు తీసుకుపోకూడదని అనుకున్నారు. దారికి అడ్డంగా రేగు కంప వేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు అదే మాట గట్టిగా చెప్పారు. కంచె అంటే అంతే. పక్క ఊరి మేకలు ఆరాధనకు రావు గదా. అవి వచ్చి పోతూనే ఉండేవి.

అయినా మార్పు వచ్చింది. ముందు బోద గడ్డి లేచింది. తరవాత కంప. రేగు, కలివి, బలుసు, ఎక్కడ చూసినా ముళ్లు. పిట్టలు వేసిన గింజలు కొన్ని, నక్కలు వేసినవి కొన్ని. అప్పుడప్పుడు పై అడవి నుంచి దిగివచ్చిన ఎలుగుబంటి తునికి పండ్లు తిని వేసిన గింజలు కొన్ని. అది వచ్చి పోయినచోట మరుసటి ఏడు తునికి మొక్కలు గుంపుగా ఉండేవి. మేము ముక్కు మూసుకుని వాటిని చూసి నవ్వేవాళ్లం.

ఆ ఏడు వాన బాగా పడింది. మిరప తోటల్లో ఒక దఫా కలుపు అయిపోయి ఆడవాళ్లకు చేతిలో పని లేని రోజులు. జేజి అరుగు మీద నుంచి గుట్టను చూసి చూసి ఒకరోజు అంది.

"ఆ కంప పాడుగాను, పిల్ల చెట్లను ఊపిరాడనీకుండా మింగుతా ఉంది. మిరప చేనికి తీసినట్లు దీనికి కూడా ఒకసారి కలుపు తీస్తే ఎట్ల లేస్తాయో చూడు."

ఎవరికీ తప్పనిపించలేదు. బతుకంతా కలుపు తీసినవాళ్లు. పైరు చుట్టూ ఏది మొలిచినా అది పైరు సత్తువ తింటుందని వాళ్ల చేతులకు తెలుసు. అందులో మా జేజి ముఠా అంటే చుట్టుపక్కల ఊళ్ల రైతులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

కూలి లేని పని, అయినా పేట ఆడవాళ్లంతా వచ్చారు. కొందరు రైతుల ఇళ్ల ఆడవాళ్లు కూడా. మునుములు పంచుకున్నారు. మునుము అంటే కలుపు తీసేటప్పుడు ఒక మనిషి పట్టుకుని ముందుకు పోయే చాలు. పంగలకర్రతో కంపను నొక్కి పట్టి, కొడవలితో మొదలు కోసి, వెనక్కి లాగడం. పిల్లలం ఆ కంపను ఈడ్చి కుప్పలు వేశాం. మధ్యాహ్నం పెద్దాయన ఇంటి నుంచి బొరుగులు, బెల్లం టీ వచ్చాయి. కంప కుప్పలు ఎవరి చేనికి కంచె కావాలంటే వాళ్లు మోసుకుపోయారు.

మాకు వరసకు పెద్దమ్మ ఒకామె ఉండేది. భారీ మనిషి, నోరు ఇంకా భారీ. ఆమెకు అంచున ఉన్న మునుము వచ్చింది. రెండు కొమ్మలు కోసి, బండ మీద కూర్చుని వక్కాకు తీసింది.

"ఏందమ్మే, కూర్చున్నావు?" అంది జేజి.

"నా మునుములో కందిరీగల తుట్టె ఉందత్తా."

"యాడ?"

"నువ్వు రాబాక, కుడతాయి. నేను చూస్తా ఉన్నాలే వాటిని."

పొద్దు గుంకేదాకా ఆమె కందిరీగల్ని చూస్తూనే ఉంది. మధ్యలో కాసేపు కళ్లు మూసుకుని కూడా చూసింది. ఆడవాళ్లు పక్కలు పట్టుకుని నవ్వారు.

పని అయ్యాక గుట్ట నూనె రాసి దువ్విన తలలా ఉంది. అప్పుడు గదా తెలిసింది, కంపలో ఎన్ని చెట్లు దాక్కుని ఉన్నాయో. చిరుమాను, బిల్లు, తునికి, ఏపి, నల్లమద్ది. కొన్ని మోడుల నుంచి లేచినవి, కొన్ని గింజ నుంచి. నా మోకాలంత, నా నడుమంత. అయ్యగారు ప్రార్థన చేశారు. జేజి కళ్లు తుడుచుకుంది. మేము పిల్లలం తలా ఒక చెట్టు పంచుకున్నాం. నాది ఏపి మొక్క. మా నాయన గోళ్లలో ఉండే ఎర్రజిగురు చెట్టు కాబట్టి దాన్నే పట్టుబట్టి తీసుకున్నాను. గుర్తుకు నా జడ ఎర్ర రిబ్బను కట్టాను. రిబ్బను ఏమైందని అమ్మ అడిగితే బడిలో పోయిందన్నాను.

క్రిస్మసు దగ్గర పడే రోజుల్లో చర్చికి తోరణాలు కట్టను ఆకు కోసం గుట్ట ఎక్కాం. నా రిబ్బను అక్కడే ఉంది. రిబ్బను కట్టిన పుల్ల కూడా ఉంది. ఆకు లేదు, చిగురు లేదు, పైతొక్క కూడా గీరేసి ఉంది. అన్ని చెట్లూ అంతే. మేకలు, కుందేళ్లు, దుప్పులు ఎవరి వంతు వాళ్లు తిన్నారు. తినగా మిగిలినవి నీడలేక ఎండాయి. మేమే చేతులారా తలుపులు తీసి, వడ్డించి పెట్టాం.

జేజి ఆ రోజు గుట్టంతా తిరిగింది. చివరికి అంచుకు పోయి, "ఇంత కంప పెట్టుకుని కూర్చుంది చూడు, ఒళ్లు వంగని ముండ" అని తిడుతూ పెద్దమ్మ మునుములో పంగలకర్ర పెట్టి ఒక పొదను పక్కకు వంచింది. వంచి అట్లాగే నిలబడింది.

"మేయ్, ఇట్ల రా," అని నన్ను పిలిచింది.

ముళ్ల మధ్య నుంచి ఒక ఏపి మొక్క పైకి చూస్తోంది. ఒక్క ఆకు కూడా పోలేదు. పక్క పొదలో బిల్లు. ఇంకో పొదలో తునికి, చిరుమాను. ప్రతి పొదకూ కడుపులో ఒక చెట్టు. జేజి మెల్లగా కర్ర తీసేసింది. కంప మళ్లీ మూసుకుంది. ఆ రోజు ఆమె సంగటి ముద్ద సగం తిని చెయ్యి కడిగేసింది.

మరుసటి ఆదివారం చర్చి బయట ఆడవాళ్లతో అంది. "ఇంక ఆ గుట్ట మీద కొడవలి పెట్టబాకండి. మనకు చేను తెలుసు గానీ అడవి తెలీదు."

పెద్దమ్మ ఊరుకుంటుందా? "నేను ఆ పొద్దే చెప్పలా? అడవి పెంచడమంటే అందరికీ చేతనవుతుందా? నేనైతే నిద్రపోయి పెంచినా." చచ్చిపోయేదాకా ఆ మాటే చెప్పుకుని తిరిగింది. అప్పటి నుంచి ఆ అంచుకు పెద్దమ్మ మునుమనే పేరు నిలిచిపోయింది.

ఆ తరవాత నాయన మారాడు. ఆయన అప్పటికి కూపు పనులు లేక ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోతున్నాడు. సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే జేజితో కలిసి గుట్ట ఎక్కేవాడు. రైతులు కంచెల కోసం తీసుకుపోయిన కంప బతిమాలి కొంత వెనక్కి తెచ్చి, ఒక్కో మోడు మీద కప్పేవాళ్లు. ఒక మోడుకు గుత్తిగా చిగుళ్లు వస్తే అన్నీ బక్కగా ఉండిపోతాయని బలమైనవి ఉంచి మిగతావి గిల్లేవాడు. ఒక్కో మోడు దగ్గర "ఇది నేను కొట్టిందే" అని మాత్రం అనేవాడు. జేజి ఆ పని జరిగినంతకాలం ఆయన్ని చెయ్యి మాట ఎత్తి పొడవలేదు.

నేను గుట్ట ఎక్కితే ఆమె అరుగు మీద నుంచి కేకేస్తూనే ఉండేది. "కనపడ్తానే ఉండావు మే, నీ ఎర్రగౌను!" నేను పొద వెనక పడుకునేదాన్ని. "కాళ్లు కనపడ్తా ఉండాయి!" తిరిగి వస్తే తల నిమిరి అనేది, "ఆ గుట్ట మీద నువ్వు నాకు కనపడకుండా పోవాల. ఆ పొద్దు నాకు చాలు."

నేను హైస్కూలు చివరికి వచ్చేసరికి ఆ రోజు వచ్చింది. పెద్దమ్మ మునుములో నిలబడి, దాక్కోకుండా, చేతులు కూడా ఊపాను. కేక రాలేదు. కిందికి వస్తే జేజి అమ్మను అడుగుతోంది.

"పిల్ల నాకు కనపడలా. నా కళ్లు పోయినాయా, చెట్లు లేచినాయా? నీకు కనపడిందా?"

"నాక్కూడా కనపడలేదత్తా."

జేజి చేట పక్కన పెట్టి, నోట్లో పండ్లు లేని నవ్వు చాలాసేపు నవ్వింది. అప్పటికే ఆమెకు ఒక కంట్లో పొర. అమ్మ నిజం చెప్పిందో, ముసలామె సంతోషం కోసం చెప్పిందో నేను అడగలేదు.

డిగ్రీలో మార్కాపురంలో వృక్షశాస్త్రం చదివాను. గడ్డి, పొద, చెట్టు అని వరసగా వచ్చే పాఠం చెప్పినప్పుడు క్లాసులో నాకే ముందు అర్థమైంది. కానీ పాఠం చివర అడవి పూర్తయినట్టు గీత గీసి ఉండేది. మా గుట్ట పూర్తి కాలేదు. ఒకే మోడు నుంచి లేచిన జంట బోదెలు సన్నగా ఉన్నాయి. ఏపి, నల్లమద్ది వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. నాయన చిన్నప్పుడు నలుగురు పట్టుకున్నా అందని మాను ఉండేదట, అట్లాంటిది నా మనవళ్లు చూస్తారో లేదో. ఊట ఇప్పుడు ఉగాది దాకా పారుతుంది, తరవాత చెలమ తోడుకోవాలి. "ఇది పాతది కాదు. దీని మొహం వేరే," అంటాడు నాయన. అయినా కొమ్మలు కలుసుకున్నాయి, కింద ఆకు కుళ్లుతోంది. ఎలుగుబంటి ఇప్పుడు పండ్లకు వచ్చి వెనక్కి పోవడం లేదు, ఇక్కడే ఉంటోంది.

నా పిల్లలు కనపడకుండా పోయింది జేజి కోరుకున్న చోటే. అది తలుచుకున్నా నా భయం తగ్గలేదు. జేజికి అడవి కావాలి, నేను ప్రతిసారీ క్షేమంగా తిరిగొచ్చాను కాబట్టి అట్లా కోరుకోగలిగింది. నాకు పిల్లలు కావాలి. పొదలోంచి ఆ చెయ్యి బయటికి రాకపోయి ఉంటే?

నాయన సరే అన్న మరుసటి రోజు పొద్దున్నే వాకిట్లో రాయి మీద ఇనుము రుద్దే చప్పుడుకు మెలకువ వచ్చింది. నాయన మచ్చుకత్తి నూరుతున్నాడు. పంగలకర్ర గోడకు ఆనించి ఉంది. జేజిదే ఆ కర్ర.

"వద్దులే నాయనా," అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. "మళ్లీ పిల్లల్ని తీసుకురాకుండా ఉంటావా?"

"తీసుకొస్తా."

"మరి ఎట్ల?"

"ఎట్లో నాకూ తెలీదు. కొట్టొద్దు."

ఆయన కత్తిని గోనెలో చుట్టాడు. నీళ్లు తెచ్చి రాయి కడిగాడు, కడగాల్సిన అవసరం లేకపోయినా.

పిల్లలు రాత్రి కడిగినా ఊదా మరకలు పోని మూతులతో లేచారు. ఇద్దర్నీ జేజి అరుగు మీద కూర్చోబెట్టుకుని గుట్ట చూపించాను.

"చిన్నప్పుడు నేను అక్కడ నిలబడితే మా జేజికి ఇక్కడి నుంచి నా గౌను కనిపించేది. ఇప్పుడు మీరు పోతే నాకు కనపడరు. ఆ తునికి చెట్లు ఎలుగుబంటి తిని వేసిన గింజలకు వచ్చినవి. కాబట్టి అది దాని ఇల్లు కూడా. పొద్దున ఇంకా తెల్లారని మబ్బులో, సాయంత్రం ఎండ తగ్గాక అది తింటుంది, అప్పుడు మనం పోము. పండ్లున్నన్నాళ్లు పొదల లోపలికి దూరడం లేదు, ఎండ బాగా వచ్చాక తాతతో దారి మీదే. పోయినంతసేపూ గట్టిగా మాట్లాడాలి, పాడాలి, పోట్లాడుకున్నా సరే. మనుషులున్నారని దానికి తెలిస్తే అదే తప్పుకుంటుంది."

పాప నిన్నటి దెబ్బ ఇంకా మరిచిపోలేదు. కాసేపు ఆలోచించి అడిగింది. "మేము కనపడకపోతే నీకు భయం కాదా?"

"అవుతుంది," అన్నాను. "అయినప్పుడల్లా ఇక్కడి నుంచి కేకేస్తా. మీరు ఏం తింటా ఉన్నా సరే, పలకండి."